ఉలి పన్ను, రంపం పన్ను: తెల్ల సొరచేప, జోసెఫోఆర్టిగాసియా

"గ్రేట్ వైట్ షార్క్ కాటు 18,216 న్యూటన్లు, ఆ రాకాసి ఎలుకది 1,389. షార్కే గెలిచింది!" న్యూటన్ అంటే బలానికి కొలత; రాకాసి ఎలుక అంటే ఎప్పుడో అంతరించిపోయిన జోసెఫోఆర్టిగాసియా. ఈ పోలిక చూస్తే ఒళ్ళు మండుతుంది. రెండు అంచనాలూ పరిశోధకులవే. పక్కపక్కన పెట్టడమే తప్పు.

18,216 అనేది 6.4 మీటర్ల, 3,324 కిలోల షార్క్‌కి దవడ వెనక చివర కట్టిన లెక్క. 1,389 ముందరి కొరుకుడు పళ్ళ కొసన. కత్తెర కొనతో అట్ట తెగదు, కీలు దగ్గర పెడితే తెగుతుంది. దవడా అంతే. ఆ ఎలుకజాతి జంతువుకే చివరి దవడపన్ను దగ్గర 4,165 వస్తుంది. పోలిస్తే దీంతో పోల్చాలి.

అన్నట్టు, అది ఎలుక కాదు. పూర్తి పేరు జోసెఫోఆర్టిగాసియా మోనేసి, దక్షిణ అమెరికాలో ఉండే పకరానా అనే ఎలుకజాతి జంతువుకి బంధువు. ఉరుగ్వేలో దొరికిన 53 సెంటీమీటర్ల పుర్రెని బట్టి 2008లో పేరు పెట్టారు.

నాకు అసలు ముచ్చటైన సంగతి పళ్ళే. దీని ముందుపన్ను ఉలి. గట్టి పైపొర, ఎనామెల్, ముందువైపే ఉంటుంది; వెనక ఉన్న డెంటిన్, అంటే పన్ను లోపలి పదార్థం, దానికంటే మెత్తన. వాడేకొద్దీ వెనకవైపు ముందు అరుగుతుంది, అంచు ఏటవాలుగా తేలి తనంతట తనే పదునెక్కుతుంది. అరిగినంత మేరా వేరు వైపు నుంచి పెరుగుతూ వస్తుంది. ఎదురుగా ఒరుసుకునే పన్ను విరిగిందా, రెండోది ఆగకుండా పెరిగి వంకర తిరుగుతుంది. బతికున్న ఎలుకల్లోనూ ఇదే ముప్పు.

షార్క్‌ది రంపం. దానికి సానపట్టడం ఉండదు, బ్లేడు మార్చడమే. పన్ను దవడలో పాతుకుని ఉండదు, చిగుళ్ళ కణజాలానికి అంటుకుని ఉంటుంది. ఊడితే వెనక వరసలోది ముందుకు జరుగుతుంది. అంచు పొడవునా నొక్కులుంటాయి, పట్టాక తల అటూ ఇటూ ఊపి కోస్తుంది. రంపాన్ని అదిమితే తెగదు కదా, లాగాలి. కాబట్టి షార్క్‌కి నొక్కే బలం ఒక్కటే కొలిస్తే సగం పని వదిలేసినట్టే.

ఉలికీ ఇంకో పనుంది. ఆ ముందుపళ్ళు 1,389 కంటే చాలా ఎక్కువ బలాన్నే ఓర్చుకోగలవని లెక్క తేలింది. అంటే దుంపలు తవ్వడానికో, శత్రువుని ఎదుర్కోవడానికో వాడి ఉండొచ్చు.

ఇక బరువు సంగతి. పెద్ద జంతువు కాటు ఎలాగూ పెద్దదే, కాబట్టి రెండిటినీ ఒకే బరువుకి తెచ్చి చూడాలి. కండరం బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, కాబట్టి బరువుకి 2/3 ఘాతం పెట్టండి (బరువు ఎనిమిది రెట్లయితే బలం నాలుగు రెట్లే). షార్క్‌ని 480 కిలోలకి దించితే సుమారు 5,000 న్యూటన్లు, అంటే 4,165కి దగ్గరే. 1,000 కిలోలకి దించితే సుమారు 8,200, అంటే 4,165కి దాదాపు రెట్టింపు. మోనేసి బరువుకి ఈ రెండు అంచనాలూ ఉన్నాయి: 2008లో వెయ్యి, తర్వాత 480. ఏది తీసుకున్నారో చెప్పకుండా "గెలిచింది" అనకండి.