మిడ్ సఫోక్ కౌన్సిల్, మన ఓటు

సభకు నమస్కారం. అందరికీ ఉగాది శుభాకాంక్షలు. భోజనాలు సిద్ధంగా ఉన్నాయి కాబట్టి పేరుపేరునా ధన్యవాదాలు చెప్పను, అందరికీ కలిపి ఒకే దండం.

ఈ ఏడాది రాజెవరో మంత్రెవరో పంతులుగారు చెప్పారు. ఇంగ్లండ్ తూర్పు వైపున మనం ఉంటున్న ఈ మిడ్ సఫోక్‌ని ఎవరు ఏలుతున్నారో, వాళ్లు ఎలా వచ్చారో నేను చెబుతాను. ఇంటి టాక్స్ కడుతున్నాం, తెలుసుకోవాలి కదా.

ఈ డిస్ట్రిక్ట్ కౌన్సిల్ 1974 ఏప్రిల్ 1న పుట్టింది. అంతకుముందు ఐ (Eye) అనే పట్టణానికి ఒక బరో, అంటే పట్టణ కౌన్సిల్, స్టోమార్కెట్‌కి ఒక అర్బన్ డిస్ట్రిక్ట్, చుట్టూ పల్లెలకు మూడు రూరల్ డిస్ట్రిక్టులు ఉండేవి. అన్నీ కలిపి ఒకటి చేశారు. మన మండలం లాంటిదనుకోండి. రోడ్లు, బడులు పైనున్న కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, చూసుకుంటుంది. చెత్తబండి, ఇళ్ల ప్లానింగ్ పర్మిషన్లు, కౌన్సిల్ ఇళ్లు, ఓటర్ల జాబితా ఈ కౌన్సిల్ పని.

2015లో 40 సీట్లలో 29 కన్సర్వేటివ్‌లకే వచ్చాయి, గ్రీన్ పార్టీకి 5. 2019కల్లా సీట్లు 34కి తగ్గించారు. కన్సర్వేటివ్‌లు 16 దగ్గర ఆగిపోయారు, గ్రీన్ వాళ్లు 12కి పెరిగారు. 2023 మేలో గ్రీన్ 24, కన్సర్వేటివ్ 6, లిబరల్ డెమొక్రాట్ 4. బ్రిటన్ మొత్తంలో ఒక కౌన్సిల్‌లో గ్రీన్ పార్టీకి సొంత మెజారిటీ రావడం అదే మొదలు. బ్రైటన్ నగరాన్ని 2011 నుంచి నాలుగేళ్లు ఏలారు గానీ మెజారిటీ లేకుండా. ఇక్కడ, ఈ గోధుమ చేల మధ్య, వచ్చింది. దేశమంతా అప్పటి కన్సర్వేటివ్ ప్రభుత్వం మీద కోపంగా ఉంది, అది కలిసొచ్చింది, నిజమే. కానీ ఎనిమిదేళ్లలో 5 నుంచి 24కి రావడం ఒక్క కోపంతో అయ్యే పని కాదు. గడప గడపకీ తిరగాలి. మరుసటి ఏడాది పార్లమెంటు ఎన్నికల్లో పక్కనున్న నార్ఫోక్ పల్లెలతో కలిపి ఏర్పడ్డ వేవెనీ వ్యాలీ సీటు కూడా గ్రీన్ పార్టీ అభ్యర్థి ఏడ్రియన్ రామ్సేకే దక్కింది.

పార్టీల గురించి ఇంకా చెబుదామనుకున్నాను గానీ, నన్ను తొలిచే మాట వేరే ఉంది. ముందు అది చెప్పేస్తాను.

ఈ కౌన్సిల్ ఆఫీసు నీడమ్ మార్కెట్‌లో, హై స్ట్రీట్ మీదే ఉండేది. 2011లో పక్కనున్న బేబర్ డిస్ట్రిక్ట్‌తో కలిపేద్దామా అని రెండు చోట్లా జనాన్ని అడిగారు. మిడ్ సఫోక్ సరే అంది, బేబర్ వద్దంది. విలీనం ఆగిపోయింది. జనం మాటకి అంత విలువ! మరి ఆ తర్వాత? సిబ్బంది ఇద్దరికీ ఒకటే అయ్యారు. 2017లో రెండు ఆఫీసులూ ఇప్స్విచ్‌లోని కౌంటీ భవనంలోకి వెళ్లిపోయాయి. ఇప్స్విచ్ ఈ డిస్ట్రిక్ట్‌లోది కూడా కాదు! ఖర్చు తగ్గుతుందన్నారు. తగ్గొచ్చు. కారు లేని ముసలాయన పల్లె నుంచి బస్సు పట్టుకుని వెళ్లే ఖర్చు ఏ లెక్కలో రాశారు? విలీనానికి ఓటింగ్ పెట్టినవాళ్లు ఆఫీసు తరలింపుకి మనల్ని ఎందుకు అడగలేదు? ఈ మాట ఎక్కడ మైకిచ్చినా అడుగుతాను.

ఇప్పుడు అసలు కౌన్సిల్‌కే ఎసరొచ్చింది. కౌంటీ, డిస్ట్రిక్ట్ అనే రెండంచెలు తీసేసి ఒకే అంచె పెడతామని ప్రభుత్వం 2024 డిసెంబరులో శ్వేతపత్రం తెచ్చింది. 2025లో జరగాల్సిన సఫోక్ కౌంటీ ఎన్నికలు వాయిదా వేశారు. సఫోక్ అంతటికీ ఒకటే కౌన్సిల్ చాలని కౌంటీ, మూడు కావాలని డిస్ట్రిక్ట్ కౌన్సిళ్లు అన్నాయి. ఆ ఆలోచన ప్రకారం ఒకటైనా, మూడైనా మిడ్ సఫోక్ పేరుతో కౌన్సిల్ ఉండదు. కొత్త కౌన్సిల్‌కి కూడా ఓటేసి మనుషుల్ని పంపాల్సిందే. ఆఫీసు ఎక్కడ పెట్టాలో, బస్సు ఎవరికి ఉండాలో వాళ్లని నిలదీసేది ఎవరు?

అమ్మా, వెనక నిలబడ్డ తమ్ముళ్లూ, ఒక్క నిమిషం ఇటు వినండి. మీలో ఎంతమందికి ఇక్కడ ఓటుంది? చేతులెత్తండి. చూశారా! బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లే ఎత్తారు. భారతదేశం కామన్వెల్త్ దేశం. వీసా మీద ఉన్నా, చదువుకోడానికి వచ్చినా, ఇక్కడ ఉండే అనుమతి ఉండి 18 ఏళ్లు నిండితే ఇంగ్లండ్‌లో మనం ఓటు వెయ్యొచ్చు. కౌన్సిల్‌కే కాదు, పార్లమెంటుకి కూడా. శాశ్వత నివాస అనుమతి ఉన్నవాళ్లు కౌన్సిలర్‌గా నిలబడొచ్చు కూడా.

భయపడాల్సింది ఏమీ లేదు. పోలింగ్ గురువారం, పొద్దున 7 నుంచి రాత్రి 10 దాకా. మీ ఊరి విలేజ్ హాల్లో రెండు బల్లలు, చెక్క అరలు, దారం కట్టిన పెన్సిల్. గుమ్మం దగ్గర రిబ్బను పువ్వు పెట్టుకున్నవాళ్లు మీ ఓటరు నంబరు అడుగుతారు. వాళ్లు పార్టీవాళ్లు, చెప్పకపోయినా ఫరవాలేదు. వేలికి సిరా పెట్టరు. 2023 నుంచి ఫొటో ఉన్న గుర్తింపు చూపించాలి. మన ఇండియన్ పాస్‌పోర్ట్ చెల్లుతుంది. రెండు సీట్ల వార్డయితే రెండు ఓట్లు వెయ్యొచ్చు, ఒకటేసి వచ్చేయకండి.

నమోదుకి నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు (ఇక్కడ జీతం, పన్నులకు వాడే నంబరు), పుట్టిన తేదీ, చిరునామా చాలు. ఎన్నికకి 12 పనిదినాల ముందే అయిపోవాలి. అదిగో, తలుపు పక్కన బల్ల మీద లాప్‌టాప్ పెట్టించాను. మా అమ్మాయి అక్కడే కూర్చుంటుంది. భోజనాల లైను పొడుగ్గానే ఉంటుంది కాబట్టి, ముందు ఆ బల్ల దగ్గరికి రండి.