నెల సరుకుల చీటీ ముందు పెట్టుకుని

(కావలిలో మహిళా సంఘాల సభ్యులు, వారి కుటుంబాల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అక్కలకూ, అన్నలకూ, వెనక వరసల్లో కూర్చున్న పెద్దవాళ్లకూ నమస్కారం.

ఆరోగ్యంగా తినడం గురించి మాట్లాడమని పిలిచారు. ఏది మంచిదో ఏది చెడ్డదో చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఫోను తెరిస్తే రోజుకో వీడియో, రోజుకో పొడి. అందుకని కంచంతో మొదలుపెట్టను. నెల మొదట్లో మీరు అంగట్లో ఇచ్చే సరుకుల చీటీతో మొదలుపెడతాను. ఇంట్లోకి వచ్చిన నూనె ఎవరో ఒకరి కడుపులోకి పోక తప్పదు. ఇంట్లోకి రాని పప్పు ఎవరి కంచంలోకీ రాదు. పొయ్యి ముందు నిలబడి, పిల్లలు ఆకలని గోల పెడుతుంటే, గరిటె పట్టుకుని లెక్కలు వేయడం ఎవరివల్లా కాదు. చీటీ రాసేటప్పుడైతే తీరిగ్గా కూర్చుని ఉంటాం. మార్చుకోవాల్సింది అక్కడే మార్చుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో మన దేశానికి ఆహార మార్గదర్శకాలను సవరించి ఇచ్చింది. రోజుకు 2000 కిలోకేలరీలు కావలసిన మనిషికి ఏది ఎంత అన్నది అందులో ఉంది. బియ్యం, గోధుమలు, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు. పప్పులు, గుడ్లు, మాంసం, చేపలు కలిపి 85 గ్రాములు. కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు. పండ్లు 100 గ్రాములు. పాలు, పెరుగు 300 మిల్లీలీటర్లు. చెనిక్కాయలు, నువ్వుల వంటివి 35 గ్రాములు. నూనె, నెయ్యి 27 గ్రాములు.

గ్రాముల్లో చెబితే మనకు అందదు. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి, ముప్ఫై రోజులకు లెక్కగడదాం. నూనె 3,240 గ్రాములు, అంటే దాదాపు మూడున్నర లీటర్లు. ఇందులో నెయ్యి కూడా కలిసే ఉంది. పప్పుల వరస 10 కిలోల పైచిలుకు. కూరగాయలు రోజుకు కిలో ఆరువందల గ్రాములు. ఉప్పు సంగతి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది: మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు. నలుగురికి నెలకు 600 గ్రాములు. కిలో ఉప్పు ప్యాకెట్టు యాభై రోజులు రావాలి.

ఇప్పుడు మీ పోయిన నెల చీటీ గుర్తుచేసుకోండి. నూనె ప్యాకెట్లు ఎన్ని? కందిపప్పు ఎంత? నేను చూసిన ఇళ్లలో ఎక్కువ భాగం నూనె ఐదారు లీటర్లు, కందిపప్పు రెండు కిలోలు, మినపప్పు ఒక కిలో. నూనె ఉండాల్సిన దానికి ఒకటిన్నర రెట్లు, పప్పులు మూడో వంతు. చేపలు, గుడ్లు లెక్కలోకి తీసుకున్నా పప్పు లోటు తీరడం లేదు. మన దేశంలో పెద్దవాళ్లలో 11.4 శాతం మందికి మధుమేహం, 35.5 శాతం మందికి రక్తపోటు ఉన్నాయని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో చెప్పింది. ఆ అంకెలకూ మన చీటీకీ దగ్గరి చుట్టరికం ఉంది.

పప్పులు ఖరీదు కదా అంటారు. నిజమే. కానీ నెలకు రెండు లీటర్ల నూనె తగ్గితే ఆ డబ్బు ఎంతో మీకే తెలుసు. పిల్లలకు కొనిచ్చే చిప్స్ ప్యాకెట్ల డబ్బు కూడా దానికి కలపండి. పప్పంటే కందిపప్పు ఒక్కటే అని కూడా అనుకోవద్దు. ఒంగోలు వైపు నల్లరేగడిలో పండే శనగలున్నాయి. అలసందలు, పెసలు, ఉలవలు, అనపగింజలు ఉన్నాయి. రాత్రి ఒక గిద్దెడు నానబెడితే సాయంత్రం బడి నుంచి వచ్చే పిల్లలకు గుగ్గిళ్లు సిద్ధం. పొద్దున దోశకు బదులు వారంలో రెండు రోజులు పెసరట్టు వేస్తే చాలు, చీటీలో పెసలు కిలో పెరుగుతాయి. పప్పు నీళ్లలా కాచి నలుగురికి సర్దే అలవాటు మానుకోండి. పిల్లవాడికి బలం పప్పుచారు పైన తేటలో లేదు, అడుగున ఉన్న పప్పులో ఉంది. గరిటె అడుగుదాకా పోనివ్వండి.

కారం దోశ, పులిబొంగరాలు మన నెల్లూరు సొత్తు. మానమని నేనెందుకంటాను? పిండిలో బియ్యం సగం తీసి కొర్రలో రాగులో వేయండి. ఊరిబిండిలో చెనిక్కాయలు ధారాళంగా పడనివ్వండి. నూనె బొట్లు లెక్కపెట్టి వేయండి.

కొర్రలు, రాగులు అన్నాను కాబట్టి కాసేపు వాటి దగ్గర ఆగాలి. ఉదయగిరి, వింజమూరు, కలిగిరి మెట్టలో, అటు దర్శి, పొదిలి, కనిగిరి పొలాల్లో జొన్న, సజ్జ, వరిగ, ఆరిక తిని బతికిన తరాలు ఇక్కడే, ఈ హాల్లోనే ఉన్నాయి. వరి అన్నం పండగనాటి తిండి వాళ్లకు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చింది. దాన్ని తప్పు పట్టేవాళ్లతో నేను ఏకీభవించను. ఆకలితో పడుకున్న ఇళ్లలో అది పొయ్యి వెలిగించింది. అయితే దాంతో పాటు మెట్ట ఇళ్ల కంచంలోకి మూడు పూటలా తెల్లన్నం వచ్చి కూర్చుంది. వరిగలు కొనేవాళ్లు లేక పొలాలూ మారాయి. ఇప్పుడు అవే వరిగలు పట్నంలో రంగు ప్యాకెట్లలో, బియ్యానికి రెండింతల ధరకు దొరుకుతున్నాయి.

చిరుధాన్యాలు కొనేటప్పుడు రెండు సంగతులు గమనించండి. పైపొట్టు మొత్తం పోగొట్టి తెల్లగా పాలిష్ పట్టిన కొర్రలు, ఆరికలు వస్తున్నాయి. పీచు, విటమిన్లు ఆ పొట్టు దగ్గరే ఉంటాయి. అది పోయాక మీరు ఎక్కువ ధరకు కొన్నది ఇంకో రకం తెల్ల బియ్యమే. కాస్త మసక రంగున్నవే అడిగి తీసుకోండి. రెండోది, షుగరున్నవాళ్లు రాగిసంగటి మందనుకుని రెండు ముద్దలు తింటున్నారు. రాగులూ పిండి పదార్థమే. ఒక ముద్ద, దాని పక్కన పప్పు లేదా చేప, ఇంకో పక్కన కూరాకు. అన్నానికి చెప్పిన కొలతే సంగటికీ. రాగుల్లో నిజంగా గొప్పది కాల్షియం: 100 గ్రాములకు 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. బియ్యంలో అందులో పదో వంతు కూడా లేదు. ఎదిగే పిల్లలకు, బాలింతలకు, మోకాళ్ల నొప్పులని మూలిగే అత్తమామలకు రాగి జావ ఒక పూట పోయండి.

ఇక నూనె. మన చేపల పులుసు సంగతి మాట్లాడకుండా నెల్లూరు జిల్లాలో ఎవరూ వంట గురించి మాట్లాడలేరు. పులుసు పైన నూనె తేలాలి, లేకపోతే పులుసే కాదంటారు. పులుసుకు రుచి ఇచ్చేది చింతపండు, మామిడికాయ, మెంతులు, మట్టి చట్టి, ఒక రాత్రి నిలవ. నూనె సగానికి తగ్గించి, ఎర్రగడ్డలు సన్నగా తరిగి నిదానంగా మగ్గనిచ్చి చేయండి. మరునాడు తిని చూడండి. మా ఇంట్లో ఇప్పుడు అట్లానే చేస్తాం, వచ్చిన చుట్టాలు రెండోసారి వడ్డించుకుంటారు. చిన్న చేపలను చిన్నచూపు చూడకండి. నెత్తళ్లు, కవళ్లు సముద్రం ఒడ్డున ఉన్న మనకు చవకగా దొరుకుతాయి. నెత్తళ్లు ముల్లుతో సహా నమిలి తింటాం, ఆ ముల్లే కాల్షియం.

బజ్జీలు, అప్పడాలు వేయించిన నూనె సంగతి కూడా చెప్పాలి. పదే పదే కాచిన నూనెలో ఒంటికి చేటు చేసే పదార్థాలు పేరుకుంటాయి. అవి 25 శాతం దాటిన నూనె వాడకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన 2018 నుంచి అమల్లో ఉంది. మన వంటింట్లో దాన్ని కొలిచే పరికరం ఉండదు. అందుకే చిన్న మూకుడు పెట్టుకోండి, తక్కువ నూనె పోసి కొన్ని కొన్నిగా వేయించుకోండి. మిగిలింది ఒకటి రెండు రోజుల్లో తిరగమోతలకు వాడేయండి. నల్లబడి, నురగ కడుతున్న నూనె పారబోయడానికి మనసు రాదు, తెలుసు. పారబోయండి.

ఉప్పు దగ్గర మన ఇబ్బంది వేరు. ఇసకపల్లి ఉప్పు కయ్యలు మన పక్కనే ఉన్నాయి, ఉప్పు మనకెప్పుడూ చవకే. దేశంలో సగటున మనిషి రోజుకు 8 గ్రాముల దాకా తింటున్నాడు. కూరలో వేసే ఉప్పు కంటికి కనిపిస్తుంది. ఊరగాయ, వడియాలు, అప్పడాలు, ఎండుచేపల్లో ఉన్నది లెక్కలోకి రాదు. ఏడాది నిలవ ఉండాలంటే ఆవకాయలో ఉప్పు పడాల్సిందే, దాన్ని తగ్గించమని అడగను, బూజు పడుతుంది. తినే ముక్కలు తగ్గించుకుందాం. ఊరగాయ వేసుకున్న పూట కూరలో ఉప్పు తగ్గించండి, మజ్జిగలో అసలు వేయకండి. ఎండుచేపలను వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, ఇంకోసారి కడిగి వండండి. రాళ్ల ఉప్పు మంచిదనీ ఎంతైనా తినొచ్చనీ కొందరంటారు. తూకానికి తూకం అందులోనూ అదే సోడియం. పైగా కయ్యల నుంచి నేరుగా తెచ్చిన దానిలో అయోడిన్ కలిపి ఉండదు.

ఇప్పుడు చెప్పబోయేది మగవాళ్లు కూడా వినాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఈ హాల్లో ఉన్న ఆడవాళ్లలో సగం మందికి పైగా అన్నమాట. మెట్లు ఎక్కితే ఆయాసం, మధ్యాహ్నానికి నీరసం, ఎండ వల్లేలే అని సర్దుకుపోవడం. వడ్డన చివరికి వచ్చేసరికి గుడ్డు ఉండదు, చేప ముక్క ఉండదు, ఆకుకూర గిన్నె ఖాళీ. మిగిలిన చారుతో ఆ తల్లి తిని లేస్తుంది. ఎవరూ చెడ్డవాళ్లు కారు, ఎవరూ చూడరు, అంతే. అందరూ ఒకేసారి కూర్చోండి. గిన్నెలు మధ్యలో పెట్టుకోండి. అది కుదరని ఇంట్లో వండిన మనిషి వాటా ముందే తీసి మూత పెట్టండి. ఆ పని కొడుకో మొగుడో చేస్తే మరీ మంచిది.

రక్తం పెరగడానికి ఖరీదైనవేమీ అక్కర్లేదు. తోటకూర, మునగాకు, నువ్వులు, ఉలవలు. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టాలంటే పులుపు, అంటే విటమిన్ సి, తోడు కావాలి. గూడూరు, పొదలకూరు నిమ్మకాయలు దేశమంతా పోతున్నాయి, మన పప్పులోకి ఒక చెక్క రావడం లేదు. పొయ్యి దించాక పిండండి, మీద ఉడికితే ఆ విటమిన్ పోతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగకండి, గంటసేపు ఆగండి, టీ ఇనుమును పట్టనివ్వదు. కూరలు ఇనుప మూకుట్లో చేస్తే దాని ఇనుమూ కొంత కూరలోకి దిగుతుంది. రంగు కాస్త నల్లబడుతుంది, ఫరవాలేదు. రాత్రంతా మాత్రం అందులో ఉంచకుండా వేరే గిన్నెలోకి తీసేయండి.

ఆఖరి సంగతి చీటీలో రాయనిది: నీళ్లు. మెట్ట నుంచి వచ్చినవాళ్లు దయచేసి జాగ్రత్తగా వినండి. కనిగిరి వైపు ఫ్లోరైడ్ ఏం చేసిందో మీ కళ్లతో చూశారు. పళ్ల మీద గోధుమ రంగు చారలు, వంగని నడుములు, వంకరపోయిన కాళ్లు. ఇప్పుడు చాలా ఇళ్లలో తాగడానికి క్యాన్ నీళ్లు కొంటున్నారు. కానీ వంటకు బోరు నీళ్లే వాడుతున్నారు. ఎసట్లో మరుగుతున్నాయి కదా, ఏం కాదులే అనుకుంటున్నారు. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరయ్యే కొద్దీ మిగిలిన నీళ్లలో దాని మోతాదు ఇంకా పెరుగుతుంది. బియ్యం, పప్పు ఆ నీళ్లను పీల్చుకుంటాయి. కాబట్టి తాగేది ఏ నీళ్లో, వండేదీ ఆ నీళ్లతోనే. క్యాన్లు ఎక్కువ పడతాయి. గిన్నెలకు, బట్టలకు, స్నానానికి బోరు నీళ్లు వాడుకోండి, ఇబ్బంది లేదు.

మీ బోరులో ఎంత ఉందో ఊహించుకోవద్దు. ఒక శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో లీటరు నీళ్లు పట్టి, గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. సంఘం తరఫున నలుగురి బోర్ల నీళ్లు ఒకేసారి పంపొచ్చు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే నిశ్చింత. వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా మాత్రమే అనుమతి. అంతకు మించితే ఆ నీళ్లు అన్నానికి, పప్పుకు, టీకి, ముఖ్యంగా పసిబిడ్డకు కాచే జావకు వాడకండి. కాగితం చేతికి వచ్చాక మీ వీధిలో మిగతావాళ్లకు కూడా చూపించండి.