లిబ్64లో ఒక్క ఫైలే ఉందేంటి?

"అన్నా, డెబియన్ వేశాను. లిబ్64లో చూస్తే ఒక్క ఫైలే ఉంది. నాది 64 బిట్ కాదా?" ఈ ప్రశ్న వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. నీది 64 బిట్టే తమ్ముడూ. డెబియన్ అనే ఈ లినక్స్ తన సరుకు, అంటే ప్రోగ్రాములు పంచుకునే లైబ్రరీ ఫైళ్ళు, లిబ్64 అనే ఆ ఫోల్డర్‌లో దించదు, అంతే.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు అనుకోండి. మొదట్లో అన్నీ దొడ్డు వడ్లే. ఒకటే షెడ్డు, బోర్డు మీద "గోదాం". తర్వాత సన్నాలు వచ్చాయి. సేటు ఇంకో షెడ్డు వేసి "కొత్త గోదాం" అని రాయించాడు. ఫెడోరా, సూసే అనే వేరే లినక్స్‌లు చేసింది ఇదే. 32 బిట్ సరుకు లిబ్‌లో, 64 బిట్ సరుకు లిబ్64లో.

రెండు రకాలున్నంత వరకు బాగానే నడుస్తుంది. మరి ఆర్మ్ 64 అనే ఇంకో రకం ప్రాసెసర్ వస్తే? అదీ 64 బిట్టే. ఫెడోరాలో దాని లైబ్రరీలు కూడా లిబ్64కే పోతాయి. ల్యాప్‌టాప్‌లో కూర్చుని, ఆర్మ్‌తో నడిచే చిన్న కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై కోసం బిల్డ్ చేసేవాడికి రెండు రకాలూ కావాలి. జైశ్రీరాం, బీపీటీ రెండూ "కొత్త గోదాం"లోనే పోస్తే ఏ బస్తా ఏదో హమాలీకి ఎలా తెలుస్తుంది? మిప్స్ అనే మరో ప్రాసెసర్ వాళ్ళకైతే లిబ్, లిబ్32, లిబ్64 అని మూడు షెడ్లు. ఎక్స్32 అని ఇంకో రకం వచ్చాక లిబ్ఎక్స్32. నన్నడిగితే అది పేరు పెట్టడం కాదు, తప్పించుకోవడం.

డెబియన్ బోర్డు మీద వడ్ల రకమే రాసింది, అంటే ఫోల్డర్ పేరులోనే ప్రాసెసర్ రకం. యూఎస్ఆర్ లిబ్ కింద ఎక్స్86_64-లినక్స్-గ్నూ (మామూలు 64 బిట్ పీసీ), ఐ386-లినక్స్-గ్నూ (32 బిట్ పీసీ), ఏఆర్చ్64-లినక్స్-గ్నూ (ఆర్మ్ 64). ఎన్ని రకాలొస్తే అన్ని షెడ్లు, గొడవ లేదు. ఉబుంటులో ఇది 2011లో 11.04తో మొదలైంది, డెబియన్‌లో 2013లో వీజీ అనే వర్షన్‌తో. అంతకుముందు ఐఏ32-లిబ్స్ అని ఒక ప్యాకేజీ ఉండేది. 32 బిట్ లైబ్రరీలన్నీ ఒకే బస్తాలో కుక్కేవారు. ఒక గింజ పుచ్చితే బస్తా అంతా మళ్ళీ కట్టాలి.

మరి లిబ్64లో మిగిలిన ఆ ఒక్క ఫైలు? అది లోడర్, ప్రోగ్రాం మొదలవగానే దానికి కావాల్సిన లైబ్రరీలు వెతికి తెచ్చే గేటు దగ్గరి గుమాస్తా. మామూలు 64 బిట్ ప్రోగ్రాం ప్రతిదాంట్లో ఆయన అడ్రసు బిల్డ్ చేసినప్పుడే రాసి ఉంటుంది. షెడ్లు మార్చినా గుమాస్తాను కదిలిస్తే లారీలన్నీ దారి తప్పుతాయి.

ఇంకో తలనొప్పీ ఇక్కడిదే. 32 బిట్ ప్రోగ్రాం కళ్ళెదుటే ఉంటుంది, నడిపితే "అలాంటి ఫైలు లేదు" అంటుంది. లేనిది ప్రోగ్రాం కాదు, 32 బిట్ గుమాస్తా! ప్యాకేజీలు ఎక్కించే డీపీకేజీకి ఐ386 ఆర్కిటెక్చర్ (ప్రాసెసర్ రకం) చేర్చి, ఆప్ట్ అప్‌డేట్ కొట్టి, లిబ్‌సీ6 (ఆ గుమాస్తా ఉండే ప్యాకేజీ) పేరు పక్కన కోలన్ ఐ386 పెట్టి ఇన్‌స్టాల్ చేయండి.

బ్యాటరీ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. ఒకే లైబ్రరీ రెండు రకాల్లో వేస్తే వర్షన్ ఒకటే ఉండాలి, లేకుంటే డీపీకేజీ ఒప్పుకోదు. ఈ షెడ్ల ఏర్పాటు లైబ్రరీలకే. ప్రోగ్రాములుండే యూఎస్ఆర్ బిన్ మాత్రం ఇప్పటికీ ఒకటే, అక్కడ ఒకే ప్రోగ్రాం రెండు రకాల్లో పెట్టుకోలేరు.