ముల్లు తీయమని మూడుసార్లు: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: శ్రోతలకు వందనాలు. మీ ప్రశ్నలకు పాస్టరు అయ్యగారు జవాబిస్తారు. మొదటి ఫోన్ పాలకొల్లు నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: వందనాలండీ అయ్యగారూ. మా ఆయనకు పక్షవాతం వచ్చి రెండేళ్లయింది, కుడి చేయి పడిపోయింది. ఉపవాసముండి ప్రార్థించాను, నూనె రాయించాను, కొబ్బరి దింపు డబ్బు ఖర్చుపెట్టి నరసాపురంలో స్వస్థత ప్రార్థన కూటాలకు కూడా తీసుకువెళ్లాను. అక్కడ జనంలో ఆయనకు ఊపిరాడలేదు... అసలు నా ప్రశ్న ఏమిటంటే, నాకు విశ్వాసం చాలకనే ఆయనకు స్వస్థత రాలేదని మా సంఘంలో ఒకావిడ అంటున్నారు. అది నిజమేనా?

అయ్యగారు: ముందు ఇది చెప్పండి. బీపీ మాత్రలు ఆపలేదు కదా?

శ్రోత: కూటాల తరువాత పది రోజులు ఆపామండీ.

అయ్యగారు: ప్రతి వారం చెబుతూనే ఉన్నాను, డాక్టరు చెప్పనిదే మాత్రలు మానకూడదు! బైబిల్లో చూడండి, కడుపు జబ్బుతో ఉన్న తన శిష్యుడు తిమోతికి అపొస్తలుడైన పౌలు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకొమ్మని వ్రాశాడే గాని, విశ్వాసం చాలదని నిందించలేదు. తనతో ప్రయాణించిన త్రోఫిమును రోగిగానే మిలేతు పట్టణంలో విడిచి వచ్చాడు. అదే పౌలు తన శరీరంలోని ముల్లు తొలగించమని ప్రభువును మూడుసార్లు వేడుకున్నట్లు రెండవ కొరింథీయుల పత్రిక 12వ అధ్యాయంలో ఉంది. అది ఏ బాధో ఆయన వివరించలేదు, వచ్చిన జవాబు మాత్రం ‘నా కృప నీకు చాలును’ అన్నదే. పౌలుకు విశ్వాసం తక్కువని ఆవిడ అనగలరా?

శ్రోత: అనలేరండీ. అయితే మా ఆయనకు నయం కానిది నా విశ్వాసం తక్కువై కాదంటారా?

అయ్యగారు: కాదమ్మా, ఇప్పుడే కదా చెప్పాను. మరి మీరెలా ఉన్నారు?

శ్రోత: రాత్రి నాలుగుసార్లు లేవాలండీ. ఒక్కోసారి ఆయన మీద విసుక్కుని, తరువాత ఏడుస్తాను.

అయ్యగారు: ఆ అలసటను ప్రభువు దగ్గర దాచకండి. ఆయన శక్తి బలహీనతలో ‘పరిపూర్ణమగుచున్నది’ అని వ్రాసి ఉంది, అయిపోయిందని లేదు. దాళ్వాలో, అంటే రెండో పంట కాలంలో, కాలువకు వంతులవారీగా నీరు వదిలినట్లు, ఈ రాత్రికి కావలసిన బలం ఈ రాత్రికే వస్తుంది. వారానికి రెండు పూటలు ఆయన దగ్గర కూర్చోమని స్త్రీల సమాజం వారిని అడగండి. ఆ మాట అన్నావిడనే మొదట అడగండి.

వ్యాఖ్యాత: అమలాపురం నుంచి సోదరుడు.

శ్రోత: తాగుడు కూడా నాకు దేవుడిచ్చిన ముల్లేనా అండీ?

అయ్యగారు: కాదు బాబూ, పాపానికి ముల్లని పేరు పెట్టకండి. వ్యసనం మాన్పించే వైద్యుణ్ణీ, మీ సంఘ పెద్దనూ ఇద్దరినీ ఈ వారమే కలవండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. రాజోలు నుంచి... లైను తెగిపోయింది. సమయం కూడా ముగిసింది.

అయ్యగారు: ఒక్క మాట. పాలకొల్లు అమ్మగారూ, వింటున్నారా? ఈ రాత్రి మాత్ర మరచిపోకండి.