మీరు పంపిన బొమ్మల రివ్యూ: గొట్టాల చుట్టూ గీతలు, కాకరకాయ మీద బుడిపెలు

నమస్కారం అండీ. ఇవాళ మన వీక్షకుల్లో ఒకరు పంపిన రెండు పేజీలు చూద్దాం. డ్రాయింగ్ కొత్తగా మొదలుపెట్టారట. మొదటి పేజీ నిండా కొసలు గుండ్రంగా ఉండే గొట్టాలు, వాటి చుట్టూ తిరిగే గీతలు. రెండో పేజీలో కాకరకాయ. రెండూ పెన్నుతోనే వేశారు, అది చాలా మంచి పని. పెన్నుతో గీసినప్పుడు చెరిపే వీలుండదు కాబట్టి గీసే ముందే ఆలోచిస్తాం. తప్పిన గీత కూడా పేజీ మీదే ఉంటుంది కాబట్టి చెయ్యి ఎక్కడ తడబడిందో నాకూ తెలుస్తుంది.

"ఎలా ఉన్నాయో చెప్పండి" అని రాశారు. బాగున్నాయి అంటే మీకు ఒరిగేదేమీ లేదు. ఇంకా ప్రాక్టీస్ చెయ్యండి అన్నా అంతే, ఏం ప్రాక్టీస్ చెయ్యాలో తెలియాలి కదా. అందుకని పేజీ మీద నాకు కనబడుతున్నదే చెప్తాను.

ముందు గొట్టాలు. కుడివైపు కింద ఉన్నదాన్ని చూడండి. అంచు గీత ఒక్క ఊపులో వచ్చింది, భుజం నుంచి చెయ్యి కదిలిందని తెలుస్తోంది. పైన ఉన్నవాటిలో మాత్రం చిన్న చిన్న ముక్కలు అతికించుకుంటూ వెళ్లారు. పెన్ను కాగితానికి ఆనించకుండా గాల్లోనే రెండు మూడుసార్లు ఆ దారిలో తిప్పి, తర్వాత గీయండి. కిందిది బాగా వచ్చింది కాబట్టి ఇది మీకు చేతనవుతుంది, అందుకే దీని గురించి ఇంతకంటే చెప్పను.

అసలు విషయం లోపలి ఎలిప్సులు, అంటే గొట్టం చుట్టూ తిరిగే ఆ గీతలు, నొక్కిన సున్నాల్లా ఉండేవి. అన్నీ ఒకే వెడల్పులో ఉన్నాయి. ఒక స్టీలు గ్లాసు తీసుకుని అంచు సరిగ్గా కంటి ఎత్తులో ఉండేలా పట్టుకోండి. అంచు గీతలా కనిపిస్తుంది. నెమ్మదిగా కిందికి దించండి, గీత విచ్చుకుని ఎలిప్స్ అవుతుంది, ఇంకా దించితే ఇంకా వెడల్పవుతుంది. అంటే ఎలిప్స్ వెడల్పు చూస్తే ఆ ముక్క మనవైపు ఎంత తిరిగి ఉందో తెలుస్తుందన్నమాట. మీ గొట్టం పాములా మెలికలు తిరుగుతోంది. పక్కకి తిరిగినచోట ఎలిప్స్ సన్నబడాలి, మనవైపో అవతలివైపో తిరిగినచోట విచ్చుకోవాలి. అన్నీ ఒకేలా ఉంటే మెలిక అంచుల్లోనే కనిపిస్తుంది, లోపలేమో బల్లపరుపుగా ఉండిపోతుంది.

ఇంకొకటి, ఇక్కడ దగ్గరగా చూపిస్తాను. ఈ గీత అంచుదాకా వచ్చి ఠక్కున ఆగిపోయింది. అంచు దగ్గర గీత వంపు తిరిగి వెనక్కి వెళ్లిపోతున్నట్టు ఉండాలి. కంటికి కనబడని వెనక సగం కూడా ఉందని మనసులో అనుకుని, ఆ వేగంతోనే అంచు దాటించండి. కొంచెం బయటికి పోయినా ఫర్వాలేదు.

ఇప్పుడు కాకరకాయ. ఎంత ఓపికగా వేశారో చూడగానే తెలుస్తోంది. ఒక్క బుడిపెని కూడా వదల్లేదు. అయినా కాయ గుండ్రంగా అనిపించదు. ఎందుకంటే ప్రతి బుడిపె చుట్టూ ఔట్‌లైన్ గీశారు, అన్నింటికీ ఒకే మందంలో.

కాయని చేతిలోకి తీసుకుని ఒక్క బుడిపెనే చూడండి. దాని చుట్టూ గీత ఎక్కడైనా ఉందా? ఉన్నది నీడ. వెలుతురు ఎడమవైపు పైనుంచి పడుతుంటే, బుడిపెకి కుడివైపు కింద నెలవంకంత నీడ పడుతుంది. రెండోవైపు ఏమీ ఉండదు, తెల్లగా వదిలేయడమే. ఇప్పుడు చూపు కాయంతటి మీదా తిప్పండి. వెలుతురు సూటిగా పడేచోట ఆ నీడలు దాదాపు మాయమైపోతాయి. చీకటి వైపు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి నల్లగా అవుతాయి. ఈ రెంటికీ మధ్య, వెలుతురు ఏటవాలుగా రాసుకుంటూ వెళ్లేచోట బుడిపెలు అన్నిటికంటే స్పష్టంగా కనిపిస్తాయి. మీ కష్టమంతా అక్కడ పెట్టాలి. మిగతాచోట్ల తక్కువ గీసినా చూసేవాళ్లకి అర్థమవుతుంది.

ఒక బొమ్మ గురించి చెప్పాలి. ఫ్రాన్స్‌కి చెందిన క్లోడ్ మెలాన్ అనే చిత్రకారుడు 1649లో క్రీస్తు ముఖాన్ని, కాగితం మీద అచ్చు వేయడానికి, రాగి రేకు మీద చెక్కారు. ముక్కు కొన దగ్గర మొదలైన ఒకే ఒక్క గీత సుడిలా తిరుగుతూ ముఖాన్నీ, జుట్టునీ, ముళ్ల కిరీటాన్నీ చూపిస్తుంది. నీడ కావలసినచోట గీత లావెక్కుతుంది, వెలుతురున్నచోట సన్నబడుతుంది. నెట్‌లో దొరుకుతుంది, పెద్దది చేసి చూడండి. చెంప ఎక్కడ గుండ్రంగా ఉందో మనకి తెలిసేది ఆ లావు సన్నాల వల్లే.

మళ్లీ మీ కాయ అంచుకి వస్తే, బయటి గీత నున్నగా సొరకాయకి వేసినట్టుంది. అంచు దగ్గర బుడిపెలు పక్కనుంచి కనిపిస్తాయి, ఒకదానిమీద ఒకటి ఎక్కినట్టు ఇరుకుగా ఉంటాయి, బయటికి పొడుచుకొస్తాయి. అక్కడ అంచే ఎగుడుదిగుడుగా ఉంటే, లోపల సగం బుడిపెలు తీసేసినా అది కాకరకాయే.

పిల్లల బొమ్మలు చూసి చెప్పే అమ్మానాన్నలకీ, టీచర్లకీ ఇక్కడే ఒక మాట. "ఇది కాకరకాయలా లేదు" అని మాత్రం అనకండి. వెలుతురు ఎటునుంచి పడుతోంది, ఈ బుడిపె నీడ ఎటు పడింది అని అడగండి. జవాబు కోసం పిల్లలు బొమ్మని వదిలి కాయ వైపు చూస్తారు. అడిగింది అందుకే.

సరే, మీకు ఇచ్చే పని ఇది. గొట్టాలు అరపేజీ చాలు. ముందు మధ్యలోంచి వెళ్లే గీత వేసుకుని, ఎలిప్సులు దానికి సరిగ్గా అడ్డంగా పెట్టండి, వెడల్పు మారుస్తూ. కాకరకాయ మొత్తం వద్దు, మధ్యలో రెండు మూడు అంగుళాల ముక్క తీసుకోండి. ట్యూబ్‌లైట్ ఆపేసి, పక్కనుంచి ఒక్క టేబుల్ ల్యాంప్ పెట్టండి. ఔట్‌లైన్ ఒక్కటి కూడా లేకుండా, నీడలు మాత్రమే నల్లగా నింపండి. వేశాక కళ్లు సగం మూసి దూరం నుంచి చూడండి, ఒకవైపు నలుపు నుంచి రెండోవైపు తెలుపుకి మెల్లగా జారుతోందా లేదా తెలుస్తుంది. కాయ ఫోటో కూడా తీసి, బొమ్మ పక్కన పెట్టి పంపండి. ఈసారి రెండూ పక్కపక్కన పెట్టుకుని చూద్దాం.