మబ్బుల్లో గ్రెయిన్ ఎక్కడ పుడుతుంది?

హోస్ట్: నమస్తే. ఈ ఎపిసోడ్ రెండర్ ముందు, అంటే కంప్యూటర్ 3డి సీన్‌ని లెక్కగట్టి బొమ్మగా మార్చేటప్పుడు, తల పట్టుకుని కూర్చున్నవాళ్ల కోసం. మాదాపూర్ నుంచి జూబ్లీహిల్స్ దాకా మన హైదరాబాద్‌లో ఏ వీఎఫ్‌ఎక్స్ ఆఫీసుకెళ్లినా ఈ గోల వినిపిస్తుంది: ఆకాశం నిండా గ్రెయిన్, మబ్బుల మీద ఇసుక చల్లినట్టు. ఇవాళ మనతో ఒక లైటింగ్ ఆర్టిస్ట్ ఉన్నారు. పేరు చెప్పొద్దన్నారు. అక్కా, నమస్తే.

గెస్ట్: నమస్తే తమ్ముడూ. పేరు చెప్తే రేపు పొద్దున్నే ప్రొడక్షన్ నుంచి ఫోన్ వస్తుంది. ఎందుకొచ్చిన గొడవ!

హోస్ట్: సూటిగా అడుగుతా. శాంపిల్స్, అంటే ఒక్కో పిక్సెల్‌కి వదిలే కిరణాల సంఖ్య, పెంచేస్తే పోదా?

గెస్ట్: పోతుంది. కానీ ఖర్చు చూడు. గ్రెయిన్ సగం తగ్గాలంటే శాంపిల్స్ నాలుగింతలు చేయాలి. 256 ఉంటే 1024. పదో వంతుకి రావాలంటే వందింతలు. కొండను తవ్వి ఎలుకను పట్టడమే. పైగా ఆ ఎలుక ఆ కొండలో ఉందో లేదో కూడా చూడకుండా తవ్వుతారు. నా దగ్గరికి ఎవరైనా గ్రెయిన్ అని వస్తే, ఏ పాస్‌లో ఉందో ముందు చూపించమంటాను.

హోస్ట్: కొత్తవాళ్ల కోసం కొంచెం విడమర్చి చెప్పండి.

గెస్ట్: బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్‌లో సైకిల్స్ అనే రెండరర్ వాడుతున్నావనుకో. వ్యూ లేయర్‌లో వాల్యూమ్ డైరెక్ట్, వాల్యూమ్ ఇన్‌డైరెక్ట్, ఎన్విరాన్‌మెంట్ అని విడివిడి పాస్‌లు, అంటే ఒక్కో రకం వెలుగుని వేరుచేసి చూపే బొమ్మలు, ఉంటాయి. మూడూ ఆన్ చేసి ఒకే ఫ్రేమ్ రెండర్ చెయ్యి. ఒక్కోదాన్ని 200 శాతానికి జూమ్ చేసి చూడు. సూర్యుడి నుంచి నేరుగా మబ్బుకి తగిలే వెలుగు డైరెక్ట్‌లో ఉంటుంది. మబ్బు లోపల ఒక నీటిబొట్టు నుంచి ఇంకో బొట్టుకి గెంతుతూ వచ్చేది ఇన్‌డైరెక్ట్‌లో ఉంటుంది. వెనక ఉన్న ఆకాశం ఎన్విరాన్‌మెంట్‌లో. గ్రెయిన్ ఈ ఎన్విరాన్‌మెంట్ పాస్‌లో కనబడిందా, ఇంక శాంపిల్స్ జోలికి పోకు.

హోస్ట్: ఎందుకని?

గెస్ట్: అది రెండర్ గ్రెయిన్ కాదు కాబట్టి. నువ్వు ఆకాశంగా చుట్టిన హెచ్‌డీఆర్‌ఐ ఫొటోలోనే ఉంది, తీసిన కెమెరా నాయిజ్ అది. లక్ష శాంపిల్స్ పెట్టినా ఆ ఫొటోనే ఇంకా నిక్కచ్చిగా చూపిస్తుంది, అంతే. రాత్రంతా మెషీన్లు తిప్పి, పొద్దున్నే అదే గ్రెయిన్ చూసి తిట్టుకునేవాళ్లు ఎందరో! ఆ ఫొటోని కాంప్‌లో, అంటే లేయర్లన్నీ కలిపే దశలో, బ్లర్ చేసుకుంటే సరిపోయేది. లేదంటే బ్లెండర్‌లోనే ఉన్న స్కై టెక్స్చర్ వాడొచ్చు. 2020లో వచ్చిన 2.90 వెర్షన్‌తో అందులోకి నిషిటా మోడల్ వచ్చింది. నిషిటా అనే పరిశోధకుడి 1993 నాటి పేపర్ దానికి ఆధారం. ఆకాశం రంగుని ముందే లెక్కగట్టి టెక్స్చర్‌లా పెట్టుకుంటుంది, అందుకే గ్రెయిన్ రాదు.

హోస్ట్: మరి మబ్బు సంగతి?

గెస్ట్: అసలు కథ అక్కడే ఉంది. మబ్బులోని నీటిబొట్టు కంటికి కనిపించే వెలుగుని దాదాపు మింగదు, చెదరగొడుతుంది. అదీ ఎక్కువగా ముందుకే. దీనికి మనం వాడే ఫార్ములా 1941లో హెన్యే, గ్రీన్‌స్టైన్ అనే ఇద్దరు ఖగోళ శాస్త్రజ్ఞులు నక్షత్రాల మధ్య ఉండే ధూళి కోసం రాసింది. సైకిల్స్‌లో అనైసోట్రోపీ అని కనిపిస్తుందే, అదే. మబ్బుకి 0.85 దగ్గర పెడతారు. ఇలా ముందుకే తోస్తూ పోతే ఒక కిరణం మబ్బులోంచి బయటపడేలోగా ఎన్నో గెంతులు వేయాలి. ప్రతి గెంతులో దిక్కు పాచికలేసినట్టే. పక్కపక్క పిక్సెళ్లలో ఆ పాచికలు వేరువేరుగా పడతాయి, ఆ తేడానే నీకు గ్రెయిన్‌గా కనిపిస్తుంది.

హోస్ట్: మొన్న మీరు గోల్కొండ షాట్ ఒకటి చెప్పారు, మధ్యాహ్నం సీన్.

గెస్ట్: ఆ. అది మన ఊరికి ప్రత్యేకం. హైదరాబాద్ 17.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఇంకోసారి సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నెత్తి మీదికొస్తాడు. కోట కింద నిలబడి పైకి చూస్తే కెమెరాకి కనిపించేది మబ్బు అడుగు. ఎండ పడేదేమో పైన. కిందికి వచ్చే వెలుగంతా మబ్బు లోపల నలిగి నలిగి వచ్చిందే. గ్రెయిన్ అన్నింటికంటే ఘోరంగా ఉండేది ఆ బూడిదరంగు అడుగులోనే. అదే షాట్ సాయంత్రానికి మార్చు, ఎండ ఏటవాలుగా పడి గ్రెయిన్ దానంతటదే తగ్గుతుంది. డైరెక్టర్ ఒప్పుకుంటే అంతకంటే చవకైన మార్గం లేదు.

హోస్ట్: ఒప్పుకోరు కదా!

గెస్ట్: ఎందుకు ఒప్పుకుంటారు? అప్పుడు వాల్యూమ్ బౌన్సులు, అంటే మబ్బు లోపల కిరణాన్ని ఎన్ని గెంతులు వేయనివ్వాలో చెప్పే సెట్టింగ్, చూడాలి. డిఫాల్ట్‌గా సున్నా ఉంటుంది. సున్నా పెడితే గ్రెయిన్ తక్కువ, కానీ మబ్బు పొగలా నల్లగా చచ్చిపోతుంది. పెంచుతూ పో, ఎక్కడ తేడా కనిపించడం ఆగిపోతుందో అక్కడ ఆపెయ్. ఆ తర్వాత ఇన్‌డైరెక్ట్ క్లాంప్. అది మెరిసే చుక్కల్ని నొక్కేస్తుంది. మరీ నొక్కితే మబ్బు అంచున ఉండే వెండి గీత కూడా పోతుంది, అక్కడ జాగ్రత్త.

హోస్ట్: స్టెప్ సైజు గురించి కూడా చాలామంది అడుగుతున్నారు.

గెస్ట్: పాత పద్ధతిలో కిరణం మబ్బులోంచి అంగలు వేసుకుంటూ వెళ్తుంది. అంగ పెద్దదైతే పొరలు పొరలుగా చారలు రావాలి. అవి కనబడకుండా రెండరర్ మొదటి అంగని అటూ ఇటూ కదుపుతుంది, చారలు కాస్తా గ్రెయిన్‌గా మారతాయి. స్టెప్ తగ్గిస్తే అది తగ్గుతుంది. మబ్బుని దాచే వీడీబీ ఫైల్‌లోని వోక్సెల్ (అందులోని అతిచిన్న ఘనపు గడి) కన్నా చిన్నగా తగ్గించి మాత్రం లాభం లేదు, అక్కడ చదవడానికి కొత్త వివరమే ఉండదు. ఇంకో పద్ధతిలో అంగలే ఉండవు. 1965లో అణు రియాక్టర్లలో న్యూట్రాన్ల దారి లెక్కగట్టడానికి వుడ్‌కాక్ బృందం రాసిన ఉపాయం అది. ఇప్పుడు మన మబ్బుల్లో పనిచేస్తోంది.

హోస్ట్: గ్రెయిన్ తుడిచే సాఫ్ట్‌వేర్, అదే డీనాయిజర్, దాని పేరు ఇంకా ఎత్తలేదు మీరు.

గెస్ట్: కావాలనే ఎత్తలేదు. అది చివర్లో వాడాల్సింది. ఓపెన్ ఇమేజ్ డీనాయిజ్ గానీ ఆప్టిక్స్ గానీ గోడకీ బండకీ బాగా పనిచేస్తాయి. ఎందుకంటే వాటికి ఆల్బెడో (ఉపరితలం సొంత రంగు), నార్మల్ (అది ఏ దిక్కుకి తిరిగి ఉందో) అని రెండు పాస్‌లు దారి చూపిస్తాయి. మబ్బుకి ఉపరితలమే లేదు, ఇంక నార్మల్ ఎక్కడిది? అది రంగు చూసి ఊహించుకోవాలి. గ్రెయిన్ ఎక్కువున్న ఫ్రేమ్ ఇచ్చావనుకో, మబ్బు అంచున ఉండే సన్నటి పీచులన్నీ తుడిచేసి మైనపు ముద్ద చేతికిస్తుంది. గ్రెయిన్ మాట దేవుడెరుగు, అసలుకే ఎసరు. యానిమేషన్‌లో ఇంకా ఘోరం, ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ ఊహ మారి మబ్బు కుతకుతలాడుతుంది. నేనైతే మబ్బుని వేరే లేయర్‌లో రెండర్ చేసి, డీనాయిజ్ చేసింది, చేయనిది రెండూ కాంప్‌లో సగం సగం కలుపుతాను.

హోస్ట్: చిన్న టీములకి, ఒక్క గ్రాఫిక్స్ కార్డుతో పనిచేసేవాళ్లకి ఏం చెప్తారు?

గెస్ట్: రెండు పనులు. మబ్బు మెత్తటి వస్తువు, దానికి పూర్తి రిజల్యూషన్ అక్కర్లేదు. వేరే లేయర్‌గా సగం సైజులో రెండర్ చెయ్యి. పిక్సెళ్లు నాలుగో వంతే, కాబట్టి అదే టైములో నాలుగింతల శాంపిల్స్ పడతాయి. తర్వాత పెద్దది చేసి కోట వెనక పెట్టు. రెండోది నాకు ఇంకా ఇష్టం. ఐదు సెకన్ల షాట్‌లో దూరపు మబ్బు ఎంత కదులుతుంది చెప్పు? 24 చొప్పున 120 ఫ్రేములు. కెమెరా ఉన్నచోటే ఉండి తిరుగుతుంటే ఆ మబ్బుని 120 సార్లు ఎందుకు లెక్కగట్టాలి? ఒక్క 360 డిగ్రీల ఫ్రేమ్‌ని భారీ శాంపిల్స్‌తో రెండర్ చేసి ఈఎక్స్‌ఆర్ ఫైల్‌గా దాచుకో, దాన్నే ఆకాశంగా చుట్టెయ్. కెమెరా మబ్బులోంచి దూసుకెళ్లే షాట్‌కి మాత్రం ఇది కుదరదు.

హోస్ట్: ఇంత శుభ్రం చేశాక ఆకాశంలో చారలొచ్చాయని ఒక శ్రోత మెసేజ్ పెట్టారు.

గెస్ట్: వస్తాయి మరి. 8 బిట్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే. 1920 పిక్సెళ్ల వెడల్పులో ఆకాశం 40 మెట్లు మాత్రమే మారిందనుకో, ఒక్కో చార 48 పిక్సెళ్ల వెడల్పుంటుంది. కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 10 బిట్‌లో ఇస్తే 1024 మెట్లు, చాలావరకు పోతుంది. 8 బిట్ తప్పదంటే సన్నటి గ్రెయిన్ మళ్లీ నువ్వే వెయ్యాలి.

హోస్ట్: (నవ్వు) తీసిందే మళ్లీ వేయాలా?

గెస్ట్: తీసింది వేరు, వేసేది వేరు. ఇది ఎంత ఉండాలో నీ చేతిలో ఉంటుంది, ఫ్రేమంతా ఒకేలా ఉంటుంది, కోట మీద కూడా పడుతుంది కాబట్టి రెండూ ఒకే కెమెరాతో తీసినట్టు కలిసిపోతాయి. అన్నట్టు, ఆ శ్రోతని రెండర్ సీడ్, అంటే ఇందాకటి పాచికలు ఎలా పడాలో నిర్ణయించే అంకె, కూడా చూసుకోమను. అన్ని ఫ్రేములకీ ఒకే సీడ్ ఉంటే మిగిలిన కాస్త గ్రెయిన్ కదలకుండా అద్దం మీద దుమ్ములా ఉండిపోతుంది. సీడ్ పెట్టె పక్కన చిన్న గడియారం బొమ్మ ఉంటుంది, దాన్ని నొక్కితే చాలు.