మెదడులో చీముగడ్డ: స్కాన్ నుంచి సూది దాకా

వ్యాఖ్యాత: జ్వరం, తలనొప్పి, ఒక పక్క చెయ్యో కాలో పడిపోవడం. ఈ మూడూ ఉంటేనే చీముగడ్డని అనుమానించాలా?

న్యూరోసర్జన్: అలా కూర్చుంటే చాలా కేసులు చేజారిపోతాయండి. మూడూ కలిసి కనిపించేది దాదాపు అయిదుగురిలో ఒకరికే. సగం మందికి జ్వరమే ఉండదు. రోజురోజుకీ ముదిరే తలనొప్పి, కొత్తగా ఫిట్స్, దానికి తోడు చెవిలోంచి చీము కారడమో, సైనస్ ఇన్ఫెక్షనో, పుచ్చుపన్నో, పుట్టుకతో గుండెజబ్బో ఉంటే స్కాన్ తీయించాల్సిందే.

వ్యాఖ్యాత: స్కాన్ చూసి ట్యూమర్ అని పొరబడతారా మేడమ్?

రేడియాలజిస్ట్: పడతారు. కాంట్రాస్ట్ (స్కాన్‌లో తేడా తెలియడానికి నరంలోకి ఎక్కించే మందు) ఇస్తే రెండూ ఉంగరంలాగే మెరుస్తాయి. అందుకే ఎమ్మారైలో డిఫ్యూజన్, అంటే నీటి అణువుల కదలికని చూసే పద్ధతి, తప్పనిసరి. చీము చిక్కన, అందులో నీటి అణువులు కదల్లేవు. కాబట్టి డిఫ్యూజన్‌లో వచ్చే రెండు బొమ్మల్లో, ఉంగరం నడుమ డీడబ్ల్యూఐలో తెల్లగా, ఏడీసీలో నల్లగా వస్తుంది. ట్యూమర్ నడుమ కుళ్ళితే మామూలుగా ఇలా రాదు. టీబీ, ఫంగస్ గడ్డలు మాత్రం ఒక్కోసారి మమ్మల్నీ ఏమారుస్తాయి.

వ్యాఖ్యాత: వెన్నులోంచి నీరు తీసి...

న్యూరోసర్జన్: వద్దండీ! పైన ఒత్తిడి ఉండగా కింద నీరు తీస్తే మెదడు జారి, ఊపిరిని నడిపే బ్రెయిన్‌స్టెమ్‌ని (మెదడు కాండాన్ని) నొక్కేస్తుంది. పైగా ఆ నీటిలో క్రిమి దొరికేది తక్కువ. కావాల్సింది చీము. గడ్డ రెండున్నర సెంటీమీటర్లు దాటితే స్టీరియోటాక్టిక్ సూదితో, అంటే స్కాన్ కొలతల ప్రకారం గురిచూసి దించే సూదితో, చీము లాగుతాం.

ఇన్ఫెక్షన్ నిపుణురాలు: లాగిన చీమునీ కొందరు స్వాబ్ (దూదిపుల్ల) మీద అద్ది పంపుతారు! గాలి తగిలి అనెరోబ్‌లు (ఆక్సిజన్ పడని బాక్టీరియాలు) చస్తాయి, రిపోర్ట్‌లో ‘నో గ్రోత్’, అంటే క్రిమి పెరగలేదు, అని వస్తుంది. సిరంజిలోని గాలి తీసేసి, మూత బిగించి, వెంటనే ల్యాబ్‌కి చేర్చాలి. టీబీ, ఫంగస్, నోకార్డియా అనే బాక్టీరియా కూడా చూడమని ఫారంలో రాయాలి.

వ్యాఖ్యాత: యాంటీబయాటిక్ ముందా, సూది ముందా?

ఇన్ఫెక్షన్ నిపుణురాలు: మనిషి నిలకడగా ఉండి, 24 గంటల్లో చీము తీయగలిగితే అంతవరకు ఆగొచ్చు. స్పృహ తగ్గుతున్నా, గడ్డ పగిలినా బ్లడ్ కల్చర్‌కి (క్రిమి కోసం చేసే రక్తపరీక్షకి) రక్తం తీసి వెంటనే యాంటీబయాటిక్ మొదలెట్టాలి. పెద్దవాళ్ళకి సెఫ్ట్రియాక్సోన్ 2 గ్రాములు 12 గంటలకోసారి, మెట్రోనిడజోల్ 500 మిల్లీగ్రాములు 8 గంటలకోసారి. తలకి ఆపరేషన్ అయినవాళ్ళకి వాంకోమైసిన్ కూడా జత చేస్తాం. మొత్తం 6 నుంచి 8 వారాలు, నరం ద్వారానే.

వ్యాఖ్యాత: స్టెరాయిడ్?

న్యూరోసర్జన్: వాపు ప్రాణం మీదికొస్తేనే, అదీ కొద్దిరోజులే.

వ్యాఖ్యాత: మందు ఎప్పుడు ఆపాలో స్కాన్ చెబుతుందా?

రేడియాలజిస్ట్: పూర్తిగా చెప్పదు. గడ్డ చిన్నదవుతోందా అని రెండు వారాలకోసారి చూస్తాం. ఉంగరం మెరుపు మాత్రం నెలల తరబడి ఉండిపోతుంది, దాని కోసం మందు పొడిగించక్కర్లేదు. కోలుకుంటున్న మనిషికి ఉన్నట్టుండి మాట ముద్దగా వచ్చినా, నడక తూలినా గడ్డ తిరగబెట్టిందని కంగారుపడకుండా ఎమ్మారైలో చిన్నమెదడు లోపలుండే డెంటేట్ న్యూక్లియస్‌లు అనే నరకణాల ముద్దలు చూడండి. రెండువైపులా తెల్లబడితే అది మెట్రోనిడజోల్ పనే కావచ్చు. ఆపితే చాలామందికి తగ్గిపోతుంది.